ఒంగోలు గుంజ, ఒక ఇటాలియన్ క్రియ

మన తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అని ఎప్పుడో ఎవరో దొర అన్నాడట. ఆ దొర ఏం తిని, ఏ మూడ్‌లో ఉండి అన్నాడో తెలియదు గానీ, అప్పటినుంచి మైకు పట్టుకున్న ప్రతివాడూ ఆ ముక్క అని గానీ వేదిక దిగడు. వినేవాళ్లూ చప్పట్లు కొట్టి గానీ ఇళ్లకు పోరు. అంతవరకు ఎవరికీ నష్టం లేదు. అయితే అధికారంలో ఉన్న ఒక పెద్దమనిషికి ఒకనాడు మధ్యాహ్న భోజనం తరవాత సందేహం వచ్చింది. మనది తూర్పు ఇటాలియన్ అయితే, వాళ్లది పడమటి తెలుగు ఎందుకు కాకూడదు?

మామూలు మనిషికి సందేహం వస్తే పక్కవాణ్ని అడుగుతాడు. అధికారంలో ఉన్నవాడికి వస్తే సంస్థ పుడుతుంది. ఒంగోల్లో ఒక పాత పొగాకు గిడ్డంగి ఖాళీగా ఉందనే శాస్త్రీయ కారణం వల్ల, పడమటి తెలుగు ప్రాధికార సంస్థ మా ఊళ్లో వెలిసింది. ఎండాకాలంలో ఇప్పటికీ గోడల్లోంచి పొగాకు ఘాటు వస్తుంది. అందువల్ల పరిశోధకులు తుమ్ముతూ పరిశోధిస్తుంటారు.

నేను అందులో రెండో తరగతి అనువాదకుణ్ని. పేరు రంగనాయకులు. నాకు ఇటాలియన్ వచ్చు. సంస్థ మొత్తంలో ఆ లోపం నా ఒక్కడికే ఉంది. చీమకుర్తి నల్లరాయి కొనడానికి వచ్చే ఇటలీ బేరగాళ్ల వెంట ఏళ్ల తరబడి క్వారీల్లో తిరిగి, వాళ్లు తిట్టుకునే తిట్లతో మొదలుపెట్టి నేర్చుకున్నాను. మిగతావాళ్లంతా ఇటాలియన్‌ను పరిశోధించేవాళ్లు. వాళ్లకు అది రావలసిన అవసరం లేదు.

సంస్థకు పుట్టుకతోనే ఒక నిబంధన ఉంది. ఇటాలియన్‌లోంచి తెలుగులోకి ఏ మాట తెచ్చినా దానికి మా ముద్ర పడాలి. ముద్ర లేని అనువాదం ఏ సర్కారు ఆఫీసులోనూ చెల్లదు. ముద్ర పడాలంటే ఆ మాట మనదా, పరాయిదా అన్నది తేలాలి. మనదని తేలితే ముద్ర వేస్తాం. పరాయిదని తేలితే, పడమటి తెలుగులో పరాయి మాట ఉండడానికి వీల్లేదు కనక, మనదని తేలేదాకా మళ్లీ వెతుకుతాం. నామవాచకాల గొడవ ముందే తీరిపోయింది. వాటికోసం వేసిన కమిటీకి గడువు ముంచుకొచ్చేసరికి, అన్నీ మనవేనని ఒక్క వాక్యంలో నివేదిక రాసి, టీ తాగి లేచిపోయారు. ఇక మిగిలినవి క్రియలు.

ఇలా ఉండగా యలమందమ్మ వచ్చింది.

నలభై దాటిన మనిషి. ముంజేతులకు రాతిపొడి పట్టి బూడిద రంగులో ఉన్నాయి. కుర్చీ చూపిస్తే తుడిచి మరీ కూర్చుంది, కుర్చీ పాడవుతుందని కాదు, కుర్చీకున్న దుమ్ము తనకు అంటుతుందని. చేతిలో ఉన్న ఫోను నా ముందు పెట్టింది. అందులో ఒక ఎర్ర రేకు ఫొటో, దాని మీద ఇటాలియన్‌లో ఒక్క వాక్యం ఉన్నాయి.

"అన్నయ్యా, దీన్ని తెలుగులో రాసి ముద్దర కొట్టి ఇయ్యాలంట. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ సారు మీ కాడికే పొమ్మన్నాడు."

"ఎక్కడిదమ్మా ఇది?"

"నీలకంఠ గ్రానైట్స్‌లో రాయి నునుపు చేసే మిషనుది. ఇటలీ మిషను. నేనూ ఇంకో ఆరుగురు ఆడోళ్లూ దాని కింద బురద తోడతాం. రాయి అరిగేకొద్దీ బెల్టు కిందకి బురద దిగుద్ది. మూత తీసి చేత్తో తియ్యాలి. ఎర్ర బటను నొక్కితే మిషను ఆగుద్ది. ఆగినట్టే ఆగి, నీళ్ల తొట్టి నిండంగానే దానంతటదే మళ్లీ తిరుగుద్ది. మొన్న సుబ్బులు కొంగు పట్టేసింది. కొంగు కాబట్టి చిరిగి వదిలింది, జుట్టయితే ఏంది?"

నేను రేకు చదివాను. "మూత తెరిచే ముందు కరెంటు వేరుచెయ్యాలి. అంటే బటను నొక్కడం కాదమ్మా, గోడకున్న కేబులే పీకెయ్యాలని."

"అదే గదా నేను మొత్తుకునేది! మేనేజరు వింటేగా. కేబులు పీకితే ఆ మిషను మళ్లీ దారిలో పడటానికి సగం పూట పట్టుద్దంట. 'పీకాలని ఎక్కడ రాసుంది? తెలుగులో రాసిన బోర్డు చూపియ్, ఇప్పుడే పీకిస్తా' అంటాడు. బోర్డుంటే తనూ నిలదీస్తానన్నాడు ఇన్‌స్పెక్టర్ సారు. ముద్దర లేంది ఆయనకీ చెల్లదంట. నువ్వు ఆ ముద్దర కొట్టి ఇచ్చావంటే రేపట్నుంచి మా చేతులు మాకుంటయ్."

ఇంత చిన్న పని మా సంస్థకు అంతవరకు రాలేదు. ఆమె ఎదురుగానే వాక్యం తెలుగులో రాసి, ఫైలు తెరిచి, మధ్యాహ్నానికి వస్తుందని చెప్పి పంపించాను. మధ్యాహ్నం అన్నాను గానీ ఏ సంవత్సరపు మధ్యాహ్నమో చెప్పలేదు.

సాయంత్రానికి సంచాలకులవారినుంచి పిలుపొచ్చింది. ఆచార్య కొమరగిరి పురుషోత్తమం గారు ఎప్పుడూ పట్టు కండువాతోనే ఉంటారు. జరీ అంచుల కొసలు మోకాళ్లు దాటి వేలాడుతుంటాయి. ఆయన తల వంచి ఏదైనా చదివితే కండువా కొసలు టీ కప్పులో మునగడం, అటెండరు వాటిని పిండడం మాకు నిత్యం జరిగేవే. పక్కన ఉపసంచాలకురాలు కాత్యాయని మేడం కూర్చున్నారు. ఆమె విభాగం పేరు స్థానికత.

"రంగనాయకులు గారూ, తమరు సమర్పించిన వాక్యమును సాకల్యముగా పరిశీలించితిమి. మూత నామవాచకము. ఆమోదితము. కరెంటు నామవాచకము. ఆమోదితము. తెరుచుట అను క్రియ మన కార్యాలయ ప్రారంభోత్సవము నాడే, రిబ్బను నిమిత్తము, ఆమోదింపబడినది. కానీ ఈ 'వేరుచేయుట' అను క్రియ ఎవరు? ఎచ్చటిది? దీని పుట్టుపూర్వోత్తరములేవి?" అన్నారు సంచాలకులవారు.

"ఇటాలియన్‌లో దాన్ని స్తక్కారె అంటారండి."

"నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివింది?" అని అడిగారు కాత్యాయని మేడం.

"ఎవరండీ?" అన్నాను.

"క్రియ. మన పిల్లలు ఉద్యోగానికి పెట్టుకుంటే లోకలా, నాన్‌లోకలా అని స్టడీ సర్టిఫికెట్లు అడుగుతాం కదా. ఎక్కడిదో తెలియని క్రియ నేరుగా వచ్చి తెలుగు బోర్డు మీద కూర్చుంటానంటే ఊరుకుంటామా? మన క్రియలకి అన్యాయం జరగదూ?"

ఆమె మాటలో తప్పు పట్టడానికి లేదు. ఒప్పు పట్టడానికీ లేదు. నేను నిఘంటువు తెరిచి ఉన్నదున్నట్టు చదివాను. ఇటాలియన్‌లో తగిలించడాన్ని అత్తక్కారె అంటారు. దాని తల తీసేసి వేరే తల పెడితే స్తక్కారె, అంటే వేరుచెయ్యడం అయింది. మరి ఆ అత్తక్కారె ఎక్కడిదీ అంటే, ఏదో పాత జర్మన్ జాతివాళ్లు గుంజను పిలిచే పేరుకు తల మార్చి చేసి ఉండవచ్చునని ఊహ. ఉండవచ్చు అన్నది నిఘంటువు నిజాయితీ. మా ఫైళ్లలో దానికి గడి లేదు.

సంచాలకులవారు కళ్లు మూసుకుని 'అత్తక్కారె, అత్తక్కారె' అని జపం చేశారు. తెరిచేసరికి కళ్లలో నీళ్లు. "అత్త యున్నది రంగనాయకులు గారూ! ఇందులో అత్త యున్నది! ఉమ్మడి కుటుంబము లేనిదే ఈ పదము పుట్టునా?"

"మరి గుంజ సంగతి?" అన్నారు మేడం, ఆ కళ్లలో కూడా తడి.

"గుంజా! ఒంగోలు గిత్తను కట్టివేసిన గుంజ కన్న పురాతనమైన గుంజ భూమండలమున కలదా? గిత్తను గుంజకు తగిలించుట, గుంజనుండి వేరుచేయుట. రెండు క్రియలకును ఒకే గుంజ! ఆ జర్మనులు మన గుంజను చూచి పోయిన వారే!"

"ఎప్పుడు చూశారండీ?" అన్నాను.

"అది వారి ఫైలు," అన్నారు సంచాలకులవారు.

అలా రెండు ఫైళ్లయ్యాయి. వేరుచేయుటకు తల్లి తగిలించుట కాబట్టి, తల్లి స్థానికత తేలనిదే బిడ్డది తేలదని మేడం రాశారు. తగిలించుటను కూడా విచారించాలని రెండో ఫైలు తెరిచి, రెండింటినీ కలిపి ఎర్ర టేపుతో బిగించి కట్టారు. కొన్నాళ్లకు మొదటి ఫైలు విడిగా కావాల్సొచ్చి నేను టేపు విప్పబోతే సూపరింటెండెంటు చెయ్యి పట్టుకున్నాడు. వేరుచేయుట అనే క్రియ ఇంకా ఆమోదం పొందలేదు కదా, ఏ అధికారంతో వేరుచేస్తున్నావన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పట్నుంచి ఆ రెండు ఫైళ్లూ కలిసే టేబుళ్లు తిరిగాయి.

యలమందమ్మ వారం వారం వస్తూనే ఉంది. రెండో వారం నవ్వుతూ వచ్చింది. తరవాత నవ్వు తగ్గింది. ఒకసారి వచ్చేసరికి వరండాలో అద్దాల గదిలాంటిది కట్టి, అందులో ఒక పాత గుంజ పాతి ఉంది. టంగుటూరు వైపు ఎవరో రైతు కొట్టంలోంచి పెరికి తెచ్చారు. గిత్తలు ఒరుసుకుని ఒరుసుకుని నున్నగా చేసిన తుమ్మ గుంజ. కింద 'ఆది గుంజ, ముట్టరాదు' అని రాశారు. కాపలాకు ఒక హోంగార్డును పెట్టారు. గుంజ ఇచ్చిన రైతు దూడను దేనికి కట్టాలో తెలియక, ఫలానా కిటికీకి కట్టుకోవచ్చునా అని సంస్థకు అర్జీ పెట్టుకున్నాడని కూడా విన్నాను. కట్టుటకు కూడా వేరే ఫైలు కావాలి.

"ఇదేందన్నయ్యా?" అంది యలమందమ్మ అద్దంలోంచి చూస్తూ.

"నీ బోర్డేనమ్మా. దార్లో ఉంది."

ఆమె గుంజ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "మా మిషనుకి కాపలా పెట్టండయ్యా అంటే దిక్కు లేదు. కట్టెకి పోలీసా!" హోంగార్డు తల దించుకున్నాడు. "సుబ్బులు పని మానేసింది. దాని బదులు ఇప్పుడు బెల్టు కిందకి నేనే వంగుతుండా. నాకు పెద్ద చదువు లేదు గానీ ఒకటి అడగతా చెప్పు. ఆ మాట ఎక్కడ పుడితే ఏందంట? రేపు నేను పోయినాక నా తద్దినం ఏ ఊరి మాటల్లో పెడతారో అది ఇప్పుడే తేల్చండి."

ఆమె వెళ్లాక నాకు ఆ పూట టీ కూడా సయించలేదు. ఎర్ర రేకు మీద ఉన్నది ఒక్క వాక్యం. అది ఆరోజే తెలుగులోకి వచ్చేసింది. నేను చెప్పాను, ఆమెకు అర్థమైంది, ఆమె ద్వారా ఆరుగురికీ తెలిసింది. తెలిసి కూడా వాళ్లు చేతులు బెల్టు కింద పెడుతున్నారు. ఆ చేతులకూ బోర్డుకూ మధ్య అడ్డం మేం ఉన్నాం. కోపం పట్టలేక సంచాలకులవారి గదికే వెళ్లాను.

"అయ్యా, అక్కడ మనుషుల చేతులు పోతాయండీ. తాత్కాలికంగానైనా ముద్ర వేయించండి. గుంజ సంగతి తరవాత తేల్చుకుందాం."

"ఆవేశము వలదు. క్రియకు న్యాయము జరుగుటకే గదా మనమున్నది. మేడం గారు ఒక్క అభ్యంతరము లేవదీసినారు. అది తీరినచో సంతకమే."

ఆ అభ్యంతరం మేడం నాకు విడమరిచి చెప్పారు. గుంజ మనదే, సందేహం లేదు. అయినా క్రియ చిన్నప్పుడే దేశం వదిలి వెళ్లిపోయింది. తిరిగొచ్చి ఈ గడ్డమీద ఒక్కసారైనా ప్రయోగం కావాలి. ఆ ప్రయోగాన్ని అధికారి కళ్లారా చూడాలి. అప్పుడే లోకల్. దీన్ని మా ఆఫీసు భాషలో భౌతిక పరిశీలన అంటారు. చచ్చిపోయాడనుకున్న పెన్షనరు బతికున్నాడని నిరూపించుకోవడానికి ఆఫీసుకొచ్చి నిలబడతాడు చూడండి, అలా క్రియ మా ముందు నిలబడాలి. అది రాలేదు కాబట్టి మేమే వెళ్లాలి.

వెళ్లాం. రెండు కార్లు, ఒక ఫొటోగ్రాఫరు, ఒక అరటిపళ్ల గెల. నీలకంఠ గ్రానైట్స్ మేనేజరు హరనాథబాబు గేటు దగ్గరే దండతో ఎదురొచ్చాడు. యంత్రం మొహాన మామిడాకులు కట్టించాడు. ఎర్ర రేకుకు పసుపు రాసి బొట్టు పెట్టించాడు. అసలే ఇటాలియన్, ఇప్పుడు పసుపు కింద అదీ కనపడటం లేదు. ఒక పక్కన యలమందమ్మా తోటి ఆడవాళ్లూ చీరలు ఎగదోపుకుని నిలబడి ఉన్నారు.

"క్రియ సహజ వాతావరణమున చూడవలెను. మూత తెరిపించుడు," అన్నారు సంచాలకులవారు.

"అయ్యా, తెరిచే ముందు కేబులు తీయించండి," అన్నాను.

"తీయించినచో ప్రయోగమైపోవును గదా! ముందుగా నేను రేకును చదువవలెను, తదుపరి ప్రయోగము, తదుపరి ఫొటో. వరుస తప్పరాదు."

"ఏం పర్వాలేద్సార్, బటను నొక్కేస్తాను," అని హరనాథబాబు ఎర్ర బటను నొక్కాడు. యంత్రం ఆగింది. యలమందమ్మ నా వైపు ఒక్క చూపు చూసి, వంగి మూత లేపింది.

"సారూ, దగ్గరకి పోబాక. ఆగినట్టుంటది గానీ ఆగదు," అంది.

"అమ్మా, క్రియకు భయపడినచో పరిశోధన సాగునా?" అని సంచాలకులవారు కళ్లజోడు సవరించుకుని రేకు మీదికి వంగారు. ఆయన వంగితే ఏమవుతుందో టీ కప్పుకు తెలుసు, మాకు తెలుసు, యంత్రానికి తెలియదు. జరీ కొసలు రెండూ బెల్టు మీద పడ్డాయి. అటుపక్క తొట్టిలో నీళ్లు నిండాయి.

బెల్టు కదిలింది. కండువా బిగిసింది. సంచాలకులవారి తల ఒక్క గుంజుతో కిందికి పోయింది. అంతవరకు గ్రాంథికం తప్ప ఎరగని ఆ నోట్లోంచి "ఓరి నాయనో, చచ్చాన్రోయ్!" అన్న కేక వచ్చింది. హరనాథబాబు బటను నొక్కాడు. ఆగి మళ్లీ తిరిగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ తిరిగింది. మేడం ఫైలు గుండెకు హత్తుకుని కళ్లు మూసుకున్నారు. నేను గోడవైపు పరిగెత్తబోయి అరటిగెల తగిలి పడ్డాను.

యలమందమ్మ ఎడం చేత్తో కండువాను మెడ దగ్గర పట్టి వెనక్కి లాగుతూ, కుడిచెయ్యి చాచి గోడకున్న కేబులు అందుకుని ఒక్క పెరుకు పెరికింది. యంత్రం చచ్చింది. ఈసారి నిజంగా చచ్చింది. సంచాలకులవారు బురదలో కూర్చుని మెడ తడుముకున్నారు. మెడ ఉంది.

కండువాతోపాటు బెల్టు దగ్గరికి పోయిన యలమందమ్మ ఎడం చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది. బయటికి తీసేసరికి చిటికెన వేలూ పక్క వేలూ లేవు.

ఆమె ఏడవలేదు. చేతిని కొంగులో చుట్టుకుని, "చెప్తే ఇన్నారా," అంది ఎవరినీ చూడకుండా. కారు తెమ్మని అరిచాను. ఒక కార్లో సంచాలకులవారిని పడుకోబెట్టి విసురుతున్నారు. రెండో కార్లో మేడం, ఫైళ్లు ఉన్నాయి. చివరికి ఆటోలో ఆమెను ఒంగోలు ఆస్పత్రికి తీసుకెళ్లింది నేనూ, ఆమె తోటి ఆడవాళ్లూ.

మర్నాడు ఆఫీసుకు వెళితే పండగలా ఉంది. రాత్రికి రాత్రే నివేదిక తయారైంది. "సదరు క్రియ ఈ గడ్డమీద, సంచాలకులవారి సమక్షమున, స్పష్టముగాను, నిస్సందేహముగాను ప్రయోగమైనది. ప్రథమ ప్రయోగము కేబులునందు, ద్వితీయ ప్రయోగము అంగుళులయందు. ద్వితీయము ఉద్దేశింపబడినది కాకున్నను ప్రామాణికమే. కావున స్తక్కారె స్థానికము" అని రాశారు. కింద కాత్యాయని మేడం 'సంతృప్తి చెందితిని' అని సంతకం పెట్టారు.

ముద్ర పడింది. మంచి ఇత్తడి రేకు మీద, 'మూత తెరుచుటకు ముందు కరెంటు వేరుచేయవలెను' అని చెక్కించి, మూలలో సంస్థ రాజముద్ర వేయించారు. యలమందమ్మ అడిగిన బోర్డు అదే. దాన్ని తీసుకెళ్లి నాలుగు మరలతో ఆది గుంజకు బిగించారు. స్థానికత సాధించిన తొలి ఇటాలియన్ క్రియ కదా, సందర్శకులు చూడొద్దూ? ఫ్యాక్టరీకి నకలు కావాలంటే నకళ్ల విభాగానికి విడిగా అర్జీ పెట్టుకోవచ్చు. నకళ్ల విభాగం ఇంకా ఏర్పడలేదు.

సన్మానం వరండాలోనే, గుంజ ముందు పెట్టారు. అద్దాలు తీయించి గుంజకు పూలు చుట్టారు. సంచాలకులవారికి కొత్త పట్టు కండువా కప్పారు. మునుపటిదానికన్నా జానెడు పొడవు. హరనాథబాబు ముందు వరసలో కూర్చున్నాడు. యలమందమ్మను 'ప్రథమ ప్రయోక్త్రి' అని పిలిచి, శాలువా కప్పి, గుంజ బొమ్మ ఉన్న జ్ఞాపిక ఇచ్చారు. జ్ఞాపిక రెండు చేతులా పట్టుకుని ఫొటోకు నవ్వమన్నారు. ఆమె ఎడం చేతికి ఇంకా కట్టు ఉంది. జ్ఞాపికను కుర్చీలో పెట్టేసింది.

"ఈ మహిళామణి త్యాగము వలన మన భాష మధ్యధరా సముద్రము దాకా విస్తరించినది," అని సంచాలకులవారు కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. "అమ్మా, రెండు మాటలు మాట్లాడుము."

ఆమె మైకు దగ్గరికి రాలేదు. గుంజ దగ్గరికి వెళ్లి, రేకును కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసి, నన్ను పిలిచింది.

"అన్నయ్యా, ఇదేనా మాది?"

"ఇదేనమ్మా."

"చదువు."

చదివాను. మూత తెరుచుటకు ముందు కరెంటు వేరుచేయవలెను.

"ముద్దరుందా?"

"ఉంది."

"ఈ మరలిప్పేది ఏదన్నా ఉందా నీ కాడ?"

మైకుల కుర్రాడి పెట్టె పక్కనే ఉంది. అందులోంచి స్క్రూడ్రైవరు తీసి ఇచ్చాను. ఎడం చేత్తో రేకు పట్టుకోలేకపోయింది కాబట్టి నేను పట్టుకున్నాను. ఆమె కుడిచేత్తో మర తిప్పడం మొదలుపెట్టింది. హోంగార్డు ఒకడుగు ముందుకేసి, ఆమె చేతి కట్టు చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

"అమ్మా! ఏమి చేయుచున్నావు? అది సంస్థ ఆస్తి! వేరుచేయుటకు అనుమతి..." సంచాలకులవారు కుర్చీలోంచి లేచారు.

ఆమె మర తిప్పడం ఆపలేదు. "అనుమతి వచ్చిందంటగా సారూ. ఇందాకేగా మైకులో చెప్పావు, ఆ మాట ఇంక మనదేనని. నీ కండువా కోసం పీకితే శాలువా కప్పావు. ఇది మా ఆడోళ్ల చేతుల కోసం. దీనికి ఏమీ కప్పనక్కర్లా." చివరి మర ఊడింది. రేకు నా చేతుల్లోంచి తీసుకుని చంకలో పెట్టుకుంది. ముందు వరసలో ఉన్న హరనాథబాబు దగ్గర ఆగి, "మేనేజరు సారూ, బోర్డు చూపిస్తే పీకిస్తానన్నావు. పద," అంది. ఇన్‌స్పెక్టరు కూడా ఆహ్వానితుడే, వెనక వరసలో ఉన్నాడు. ఆయనా లేచాడు. హరనాథబాబు ఆమె వెనకే నడిచాడు.

ఆ మధ్యాహ్నం నీలకంఠ గ్రానైట్స్‌లో గోడకు రేకు బిగించారు, కేబులు పీకారు, ఆ తరవాతే మూత తెరిచారు. ఆడవాళ్లు తీరిగ్గా బురద తోడారు. సుబ్బులు మళ్లీ పనిలో చేరింది. యలమందమ్మను బురద పని మాన్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు. లోపల కేబులు పీకకుండా మూత తెరిచిన చప్పుడు వినిపిస్తే ఆమె గేటు దగ్గర్నుంచే తిట్టే తిట్లు చీమకుర్తి రోడ్డు దాకా వినబడతాయని చెబుతారు.

ఫైలులో నేను మూడో ప్రయోగం కూడా రాశాను, ఫలకమునందు అని. సంచాలకులవారు ఆ వాక్యం కొట్టేయమన్నారు. కొట్టేయుట అనే క్రియ ఇంకా ఆమోదం పొందలేదని మనవి చేసుకున్నాను. ఆయన ఆలోచించి, నిజమే, ఫైలు తెరవమన్నారు.

ఆది గుంజ ఇంకా మా వరండాలోనే ఉంది. అద్దాలు మళ్లీ బిగించారు. ఇప్పుడు దాని మీద ఇత్తడి రేకు లేదు, నాలుగు మర కన్నాలు ఉన్నాయి. సందర్శకులు వస్తే కాత్యాయని మేడం పుల్లతో ఆ కన్నాలు చూపించి, మన క్రియ ఇక్కణ్నుంచే బయటికి పోయిందని గంభీరంగా చెబుతారు. నా ఉద్యోగంలో మా సంస్థ చెప్పగా విన్న మొదటి నిజం అదే.